పిల్లలు చూశారు గానీ నేర్చుకోలేదు: డిజిటల్ పాఠాల రూపకల్పన కోసం ఎవరి రాతలు చదవాలి?

పరకాల ఫిజిక్స్ టీచర్

అందరికీ నమస్కారం. నేను పరకాల దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. గత వేసవి సెలవుల్లో తొమ్మిదో తరగతి 'తేలియాడే వస్తువులు' పాఠానికి సొంతంగా ఒక వీడియో తయారు చేశాను. నా దగ్గర ఉన్నవి ఒక ఫోను, ఒక పాత ల్యాప్‌టాప్ మాత్రమే కాబట్టి ఎడిటింగ్ నేర్చుకోవడానికే దాదాపు ఇరవై రోజులు పట్టింది. రామప్ప గుడి గోపురానికి వాడిన ఇటుకలు నీటిలో తేలుతాయన్న సంగతి మా పిల్లలు ఇంట్లోనో, విహారయాత్రలోనో విని ఉంటారు. అక్కడి నుంచి మొదలుపెడితే పాఠం తమదిగా అనిపిస్తుందని నమ్మి, పాలంపేటకు వెళ్లి గుడిని ఫోన్‌తో చిత్రీకరించుకుని వచ్చాను. వీడియోలో మొదటి నాలుగు నిమిషాలు గుడి, శిల్పాలు, కాకతీయుల కాలం, నేపథ్యంలో వీణ. ఆ తర్వాత సాంద్రత నిర్వచనం, సూత్రం, సాపేక్ష సాంద్రత, ఆర్కిమెడిస్ నియమం, రెండు లెక్కలు. మొత్తం 18 నిమిషాలు.

తరగతి గదిలో ఐఎఫ్‌పీ (బోర్డు స్థానంలో ఉండే పెద్ద డిజిటల్ తెర) మీద వేసినప్పుడు పిల్లలు కదలకుండా చూశారు. వెనుక బెంచీ వాళ్లు కూడా మాట్లాడలేదు. ఆ రోజు నేను ఎంత సంతోషంగా ఇంటికి వెళ్లానో చెప్పలేను. వారం తర్వాత ఒక చిన్న ప్రశ్న ఇచ్చాను: పెద్ద తుమ్మ దుంగ చెరువులో తేలుతుంది, చిన్న గుండుసూది మునుగుతుంది, ఎందుకు? 34 మందిలో 26 మంది "బరువైనవి మునుగుతాయి, తేలికైనవి తేలుతాయి" అనే రాశారు. దుంగ సూది కన్నా ఎన్నో రెట్లు బరువని తెలిసి కూడా అదే రాశారు. ఒక పాప రాసిన జవాబు నన్ను ఇప్పటికీ వదలడం లేదు: "దేవుని గుడి ఇటుక కాబట్టి తేలింది టీచర్."

లోపం నా తయారీలోనే ఉందని నాకు అర్థమైంది, కానీ ఎక్కడ ఉందో అర్థం కాలేదు. పాఠాన్ని ఏ వరుసలో పేర్చాలి, ఏది చూపించాలి, ఏది మాటల్లో చెప్పాలి, ఎక్కడ ఆపాలి అన్నవాటిని ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్ అనే ఒక శాస్త్రంగానే చదువుతారని తెలిసి ఇంటర్నెట్‌లో వెతకడం మొదలుపెట్టాను. వెతికినకొద్దీ అయోమయం పెరిగింది. ఒకవైపు 'ఉపాధ్యాయులకు పది ఉత్తమ యాప్‌లు' వంటి జాబితాలు, మరోవైపు కంపెనీ ఉద్యోగుల శిక్షణ గురించిన వ్యాసాలు, మధ్యలో తమ సాఫ్ట్‌వేర్ కొనమని చెప్పేవాళ్లు. ఇంగ్లిష్‌లో చదవగలను, కానీ ఇంటి పని, బడి పని పోగా వారానికి ఒకటి రెండు గంటలకు మించి మిగలవు.

ఈ రంగంలో నిజంగా చదవదగినవాళ్లు ఎవరు? చదివేటప్పుడు మంచిదేదో, పొల్లు ఏదో ఎలా తెలుసుకోవాలి? మీలో ఎవరైనా ఇలా చదివి తమ పాఠాన్ని మార్చుకుని ఉంటే ఆ అనుభవం కూడా చెప్పగలరు.

హన్మకొండ విశ్రాంత అధ్యాపకుడు

అమ్మా, నేను ఉపాధ్యాయ శిక్షణలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. మొదటగా ఒక మాట. మీరు వారం ఆగి, వీడియోలో లేని కొత్త ఉదాహరణతో ప్రశ్న అడిగారు. వీడియో అయిపోగానే "అర్థమైందా?" అని అడిగి ఉంటే అందరూ "అయింది టీచర్" అనేవారు, ఈ చర్చ పుట్టేదే కాదు. మీరు చేసిన ఆ ఒక్క పనిలో ఈ శాస్త్రంలో సగం ఉంది. పిల్లల జవాబు కాగితాలను, ముఖ్యంగా ఆ పాప కాగితాన్ని, భద్రంగా దాచుకోండి, వాటి దగ్గరికి మళ్లీ వస్తాను.

యాప్‌ల జాబితాలను పక్కన పెట్టవలసిన కారణం గురించి ఈ రంగంలో పాత వాదన ఒకటుంది. 1983లో రిచర్డ్ క్లార్క్ అనే అమెరికా పరిశోధకుడు, అప్పటివరకూ రేడియో, టీవీ, కంప్యూటర్లపై జరిగిన పోలిక అధ్యయనాలను సమీక్షించి, మాధ్యమం కేవలం వాహనమేనని రాశారు. కిరాణా సరుకులు తెచ్చే లారీ వల్ల మన పోషణ ఎలా మారదో, పాఠాన్ని మోసే మాధ్యమం వల్ల నేర్చుకోవడం అలా మారదని, మార్పు తెచ్చేది బోధనా పద్ధతేనని ఆయన వాదన. దీనికి 1990లలో రాబర్ట్ కోజ్మా గట్టి సమాధానమే ఇచ్చారు, ఆ వాదం ఇంకా ముగియలేదు. అయినా కొత్త పరికరం చేతికి వచ్చిన ప్రతి తరం ఉపాధ్యాయులు మొదట చదవవలసింది ఇదేనని నా అభిప్రాయం. మా తరం 1975–76లో 'సైట్' ప్రయోగాన్ని చూసింది. ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు వచ్చాయి, తెలుగులో కూడా వచ్చాయి. ఇకపై ఉపాధ్యాయుడి అవసరం ఉండదన్న మాట అప్పుడూ విన్నాను, తర్వాత కంప్యూటర్లు వచ్చినప్పుడూ విన్నాను.

ఇక మీ వీడియో. మీ వర్ణన చదువుతుంటే నాకు రిచర్డ్ మేయర్ గుర్తుకొచ్చారు. ఈయన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాంటా బార్బరాలో దశాబ్దాలుగా మాట, బొమ్మ కలిపి నేర్పడం మీద ప్రయోగాలు చేసిన మనోవిజ్ఞాన శాస్త్రవేత్త. ఆయన చెప్పిన సూత్రాల్లో ఒకటి, ఆసక్తికరమైనదే అయినా పాఠం లక్ష్యానికి సంబంధించని సమాచారం, సంగీతం, దృశ్యం చేరినకొద్దీ నేర్చుకోవడం తగ్గుతుందని చెబుతుంది. మనసు ఒకేసారి పట్టుకోగలిగింది చాలా కొంచెం. జాన్ స్వెల్లర్ 1988 నుంచి అభివృద్ధి చేసిన జ్ఞానభార సిద్ధాంతానికి పునాది కూడా ఇదే. మీ పిల్లల మనసులో ఉన్న ఆ కొద్ది చోటును మొదటి నాలుగు నిమిషాల్లో శిల్పాలు, వీణ ఆక్రమించుకున్నాయి. సాంద్రత వచ్చేసరికి కూర్చోవడానికి చోటు లేదు. ఆ వెంటనే నిర్వచనం, సూత్రం, నియమం, లెక్కలు ఊపిరి తీసుకునే వ్యవధి లేకుండా వచ్చాయి. పాఠాన్ని చిన్న ముక్కలుగా చేసి, ప్రతి ముక్క తర్వాత ఆగే వీలు కల్పించాలన్నది మేయర్ చెప్పిన మరో సూత్రం.

అయితే రామప్ప ఇటుకను తీసేయమని నేను చెప్పడం లేదు, ఈ తేడాను జాగ్రత్తగా గమనించండి. డేవిడ్ మెరిల్ అనే రూపకర్త 2002లో, అనేక బోధనా సిద్ధాంతాలను పోల్చి వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న అయిదు సూత్రాలను ప్రచురించారు. వాటిలో కేంద్రంగా నిలిచేది, పాఠం ఒక నిజమైన సమస్య చుట్టూ తిరగాలన్నది. మీ వీడియోలో ఇటుక అలంకారంగా వచ్చి వెళ్లిపోయింది, సమస్యగా నిలబడలేదు. గుడి అందం, కాకతీయుల చరిత్ర, 2021లో వచ్చిన యునెస్కో గుర్తింపు సాంఘికశాస్త్రం తరగతికి వెళ్లాలి. మీ తరగతిలో మిగలవలసింది ఒకే ఒక్క చిక్కుముడి: ఒకే కొలత గల రెండు ఇటుకల్లో మన బట్టీ ఇటుక మునుగుతుంది, ఈ ఇటుక తేలుతుంది, తేడా ఎక్కడుంది? పిల్లలు ముందు ఊహించి రాయాలి. "దేవుని గుడి ఇటుక కాబట్టి" అని ఎవరైనా రాస్తే దాన్ని కూడా బోర్డు మీద గౌరవంగా రాసి, మిగతా ఊహలతో పాటు పరీక్షకు నిలబెట్టాలి. అలాంటి ఊహను వీడియో వినలేదు, అందుకే అది చెక్కుచెదరకుండా మిగిలిపోయింది.

చదవడానికి నేను సూచించేవి తక్కువే. బరాక్ రోజెన్‌షైన్ 2012లో 'అమెరికన్ ఎడ్యుకేటర్' పత్రికలో రాసిన బోధనా సూత్రాల వ్యాసం ఉచితంగా దొరుకుతుంది, ఒక ఆదివారం మధ్యాహ్నం చదివేయవచ్చు. నిన్నటి పాఠాన్ని కొద్దిగా నెమరువేయించడం, చిన్న అడుగుల్లో కొత్త విషయం ఇవ్వడం, ప్రతి అడుగులో ప్రశ్నించడం వంటివే అందులో ఉంటాయి. పేరుకు పాతవి, ఆచరణలో అరుదైనవి. అదే పత్రికలో డేనియల్ విల్లింగ్‌హామ్ ఏళ్ల తరబడి ఉపాధ్యాయుల ప్రశ్నలకు జవాబులుగా రాసిన వ్యాసాలు ఉన్నాయి. మనలాంటి వారికి అంత స్పష్టంగా రాసినవాళ్లను నేను తక్కువమందిని చూశాను. మాధ్యమాన్ని ఎంచుకోవడం గురించి అయితే టోనీ బేట్స్ 2015లో ఉచిత పాఠ్యగ్రంథంగా విడుదల చేసిన 'టీచింగ్ ఇన్ ఎ డిజిటల్ ఏజ్' చూడండి. అది ప్రధానంగా ఉన్నత విద్య కోసం రాసినదే, మాధ్యమాల ఎంపిక మీద ఉన్న అధ్యాయాలు మాత్రం బడికి కూడా పనికొస్తాయి.

పాఠం నడవవలసిన వరుసను చెప్పే గాన్యే తొమ్మిది సోపానాలు, బోధన లక్ష్యాలను స్థాయిలుగా విడదీసే బ్లూమ్ వర్గీకరణ మీరు బీఎడ్‌లో చదివే ఉంటారు. అవి ఇప్పుడు మళ్లీ తీసి చూస్తే, పరీక్ష కోసం కంఠస్థం చేసిన నాటి కన్నా ఎక్కువ మాట్లాడతాయి.

జమ్మికుంట నుంచి, ప్రస్తుతం హైదరాబాద్

మేడం, నేను తొమ్మిదేళ్లుగా ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్‌గా పనిచేస్తున్నాను. బ్యాంకు ఉద్యోగులకు, ఆసుపత్రి సిబ్బందికి పాఠాలు తయారు చేయడం నా వృత్తి. సార్ చెప్పిన పరిశోధనల జోలికి రాను, మీ రెండో ప్రశ్నకు, అంటే మంచిచెడ్డలను ఎలా వేరు చేయాలన్నదానికి జవాబు చెబుతాను. వృత్తిలో చేరిన మొదటి రెండేళ్లు నేను చదివినదాంట్లో చాలా భాగాన్ని తర్వాత మరిచిపోవలసి వచ్చింది, ఆ కష్టం మీకు వద్దు.

మీరు ఏదైనా శిక్షణలో ఒక పిరమిడ్ బొమ్మ చూసే ఉంటారు. చదివినదాంట్లో 10 శాతం, విన్నదాంట్లో 20 శాతం, చేసినదాంట్లో 90 శాతం గుర్తుంటుందని అందులో ఉంటుంది. దీనికి మూలమని చెప్పే 'అనుభవ శంకువు' అనే బొమ్మను ఎడ్గర్ డేల్ అనే అమెరికా విద్యావేత్త 1946లో గీశారు, కానీ ఆయన దాని మీద ఒక్క శాతం అంకె కూడా వేయలేదు. ఆ అంకెలను తర్వాత ఎవరో తగిలించారు, వాటి వెనుక ప్రయోగం లేదు. విల్ థాల్‌హైమర్ అనే నిపుణుడు ఈ అంకెల పుట్టుక మీద ఎంతో శ్రమించి రాశారు. నేను కూడా ఆ బొమ్మను ఒక ప్రెజెంటేషన్‌లో పెట్టి, ఒక సీనియర్ సహోద్యోగిని అడిగితే గానీ నిజం తెలుసుకోలేదు. అప్పటి నుంచి కొత్త రచయితను చదవడం మొదలుపెడితే మొదట ఈ పిరమిడ్ గురించి ఏమన్నారో వెతుకుతాను. పిల్లల్లో చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు, చేసి నేర్చుకునేవాళ్లు వేరువేరుగా ఉంటారనీ, ఎవరి శైలికి తగ్గట్టు వారికి బోధిస్తే మేలనీ చెప్పే సిద్ధాంతం కూడా అలాంటి గీటురాయే. హెరాల్డ్ పాష్లర్ బృందం 2008లో అప్పటివరకూ వచ్చిన అధ్యయనాలను పరిశీలించి, అలా బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి సరైన ఆధారం లేదని తేల్చింది. ఈ రెండింటినీ ప్రశ్నించకుండా ప్రచారం చేసే చోట మిగతా మాటలను నేను జాగ్రత్తగా తూకం వేస్తాను.

మరో గుర్తు ఉంది. మంచివాళ్లు తాము చేసిన పాఠాన్ని చూపిస్తారు, ముందు ఎలా ఉండేది, ఎందుకు మార్చారు, మార్చాక ఏమైంది అన్నది చెబుతారు. క్రిస్టీ టకర్ రాతల్లో ఈ గుణం ఉంది, సన్నివేశాల ద్వారా నేర్పడం ఆమె ప్రత్యేకత. కోనీ మలామెడ్ (Connie Malamed) అనే రచయిత్రి దృశ్య రూపకల్పన గురించి, అంటే తెర మీద ఏది ఎక్కడ పెట్టాలి, అక్షరం ఎంత ఉండాలి అన్నదాని గురించి ఓపికగా వివరిస్తారు. కేథీ మూర్ రాసేది పూర్తిగా ఉద్యోగ శిక్షణ గురించే, అయినా ఆమె అడిగే ఒక ప్రశ్న మీకు పనికొస్తుంది: పాఠం అయ్యాక నేర్చుకున్నవాళ్లు ఏం చేయగలగాలి? ఏం తెలుసుకోవాలి అన్నది ఆ తర్వాతి సంగతి. 'సాంద్రతను నిర్వచిస్తారు' అని కాకుండా 'ఇంతకుముందు చూడని వస్తువు తేలుతుందో మునుగుతుందో కొలిచి ముందే చెబుతారు' అని మీ లక్ష్యాన్ని రాసుకుని చూడండి. మీ 18 నిమిషాల్లో ఎంత అవసరమో, ఎంత అనవసరమో దానంతటదే విడిపోతుంది.

లారీ ఉదాహరణ విషయంలో మాత్రం సార్‌తో కొంత విభేదిస్తాను. కొన్ని పనులు కొన్ని మాధ్యమాల్లోనే సాధ్యం. కొలరాడో విశ్వవిద్యాలయంలో నోబెల్ గ్రహీత కార్ల్ వైమన్ 2002లో ప్రారంభించిన ఫెట్ (PhET) అనుకరణల్లో, అంటే కంప్యూటర్ తెర మీద పిల్లలే మార్చి చూడగల ప్రయోగాల్లో, సాంద్రత మీద ఒకటుంది. అందులో ఒకే ద్రవ్యరాశి గల దిమ్మెలు, ఒకే ఘనపరిమాణం గల దిమ్మెలు విడివిడిగా ఉంటాయి. పిల్లవాడు వాటిని నీటిలో వేసి, తూచి, ఏది తేలుతుందో, ఏది మునుగుతుందో పక్కపక్కన చూడవచ్చు. బకెట్ నీళ్లతో ఒకే ద్రవ్యరాశి, వేరువేరు ఘనపరిమాణాలు ఉన్న అయిదు వస్తువులను తేవడం ఎంత కష్టమో మీకు తెలుసు. మీ వీడియో ఆ పని చేయలేదు, చేయడం దానికి సాధ్యం కూడా కాదు, ఎందుకంటే వీడియోలో పిల్లవాడి చేతికి పని ఉండదు. ఇంటర్నెట్ ఉన్నప్పుడు ఒకసారి డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే ఆ తర్వాత నెట్ లేకుండానే నడుస్తుంది.

సమయం గురించి. ఫీడ్‌లీ వంటి ఫీడ్ రీడర్‌లో అయిదారుగురిని మాత్రమే చేర్చుకోండి. కొత్త వ్యాసాలన్నీ ఒకేచోటికి వస్తాయి, శీర్షిక చూసి తొంభై శాతం వదిలేయవచ్చు. ఒక సమస్య చేతిలో పెట్టుకుని, దానికి సంబంధించినదే చదవడం నాకు మేలు చేసింది. ఉదాహరణకు ఈ నెల అంతా 'వీడియో మధ్యలో ప్రశ్నలు' అన్నదే. నెలాఖరుకు ఆ ఒక్క విషయం మీ పాఠంలోకి వస్తే చాలు.

ములుగు ఏజెన్సీ టీచర్

అక్కా, నేను ఎక్కువ చదవలేదు, చేసి చూసింది చెబుతాను. మా పిల్లల్లో కొందరికి ఇంట్లో కోయ భాష, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. 2022–23 నుంచి ఇంగ్లిష్ మాధ్యమం మొదలైనప్పుడు ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్‌గా పుస్తకాలు వచ్చాయి కదా, వాటిని బట్టే నేను ఒక అలవాటు చేసుకున్నాను. పాఠానికి ముందు రోజు నాలుగైదు పదాలు మాత్రమే చెబుతాను: సాంద్రత, డెన్సిటీ, ద్రవ్యరాశి, మాస్, ఘనపరిమాణం, వాల్యూమ్. ప్రతి పదానికి చేత్తో పట్టుకునే వస్తువు ఒకటి చూపిస్తాను. మరుసటి రోజు పాఠంలో ఆ పదాలు కొత్తగా అనిపించవు. సార్ చెప్పిన మేయర్ సూత్రాల్లో పదాలను ముందే పరిచయం చేయడం కూడా ఒకటని తర్వాత ఒక శిక్షణలో తెలిసింది.

తెర మీద మాట్లాడే వాక్యాలన్నీ రాసి చూపించవద్దని ఆ శిక్షణలోనే చెప్పారు. రాసింది చదువుతూ, విన్నది వింటూ పిల్లలు తికమకపడతారట. తెలుగు వ్యాఖ్యానం విషయంలో అది నిజమే అనిపించింది, నేను మానేశాను. ఇంగ్లిష్ వ్యాఖ్యానం ఉన్నప్పుడు మాత్రం కొన్ని ముఖ్యమైన పదాలు తెర మీద ఉంచుతున్నాను, లేకపోతే మా పిల్లలు ఆ శబ్దాన్ని పట్టుకోలేకపోతున్నారు.

ఇంటికి పంపే వీడియోల గురించి ఒక మనవి. పత్తి ఏరే కాలంలో తల్లిదండ్రులు ఫోన్ తీసుకుని చేనుకు వెళ్తారు. పిల్లల చేతికి ఫోన్ వచ్చేది రాత్రి ఎనిమిది తర్వాత, అదీ అన్నదమ్ములందరికీ కలిపి అరగంట. మూడు నిమిషాలకు మించిన వీడియోను నేను పంపడం మానేశాను.

పరకాల ఫిజిక్స్ టీచర్

సార్‌కు, హైదరాబాద్ అన్నకు, ములుగు చెల్లెలికి ముగ్గురికీ ధన్యవాదాలు. వారం రోజులుగా మీరు చెప్పినవే చదువుతున్నాను. రోజెన్‌షైన్ వ్యాసం పూర్తయింది. చదువుతున్నంతసేపూ నా వీడియో నా కళ్ల ముందు తిరిగింది.

వీడియోను నాలుగు ముక్కలు చేశాను. గుడి దృశ్యాలు 20 సెకన్లకు తగ్గాయి, వీణ పూర్తిగా పోయింది. ఆ రెండు తీసేయడం నాకు చాలా కష్టంగా అనిపించింది, వాటి కోసమే కదా పాలంపేట దాకా వెళ్లింది. మొదటి ముక్క రెండు ఇటుకల ప్రశ్నతో ఆగిపోతుంది, జవాబు చెప్పదు. తర్వాత పిల్లలు బకెట్ నీళ్లతో, తక్కెడతో పనిచేస్తారు. సాంద్రత అన్న మాట రెండో ముక్కలో వస్తుంది.

ఒక సందేహం మిగిలింది. వీడియో ఆపినప్పుడు ప్రశ్న అడిగితే ఎప్పుడూ ముందు బెంచీలోని అయిదుగురే చెబుతారు. మిగతా వాళ్లు ఆ జవాబును అందిపుచ్చుకుంటారు. వాళ్లకు నిజంగా తెలిసిందో లేదో నాకు తెలియదు. ఆ ప్రశ్నను ఎలా అడగాలి?

హన్మకొండ విశ్రాంత అధ్యాపకుడు

అమ్మా, మీరు వీణను తీసేసిన మాట చదివి నాకు ఎంతో సంతోషం కలిగింది. కష్టపడి చేసినదాన్ని పిల్లల కోసం వదులుకోవడం తేలిక కాదు.

మీ సందేహానికి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ 1990ల ఆరంభం నుంచి వాడుతున్న పద్ధతి సరిపోతుంది. తన విద్యార్థులు కఠినమైన లెక్కలు చేయగలిగినా ప్రాథమిక భావనల మీద తడబడుతున్నారని గమనించి ఆయన దీన్ని మొదలుపెట్టారు. ఒక బహుళైచ్ఛిక ప్రశ్న ఇస్తారు. ప్రతి విద్యార్థి ఎవరితోనూ మాట్లాడకుండా ఒక జవాబు ఎంచుకుని చూపించాలి. సరైన జవాబు మరీ తక్కువమంది చెబితే ఉపాధ్యాయుడు మళ్లీ వివరిస్తాడు, దాదాపు అందరూ చెబితే ముందుకు వెళ్తాడు. సుమారు 30 నుంచి 70 శాతం మధ్యలో ఉంటే, వేరే జవాబు చెప్పిన పక్కవారిని ఒప్పించమని రెండు మూడు నిమిషాలు ఇచ్చి, మళ్లీ ఓటు అడుగుతాడు. ఆయన దగ్గర యంత్రాలు ఉన్నాయి, మీకు పాత క్యాలెండర్ అట్టల మీద రాసిన నాలుగు అక్షరాలు చాలు. ప్రతి ఒక్కరూ అట్టను గుండెకు ఆనించి పట్టుకుంటే మీకు కనిపిస్తుంది, పక్కవారికి కనిపించదు.

బలమంతా తప్పు జవాబుల ఎంపికలో ఉంది, అందుకే ఆ కాగితాలు దాచమన్నాను. మీ 26 మంది రాసినదే ఒక జవాబుగా పెట్టండి. ఉదాహరణకు ఇలా: ఒక ఇనుప ముద్ద నీటిలో మునిగింది. అదే ముద్దను సాగగొట్టి లోతైన గిన్నె చేస్తే అది తేలింది. ఎందుకు? అ) గిన్నె చేశాక ఇనుము బరువు తగ్గింది. ఆ) గిన్నె, దాని లోపలి గాలి కలిసి ఆక్రమించే చోటు పెరిగింది, బరువు మాత్రం మారలేదు. ఇ) వెడల్పుగా ఉన్నవన్నీ తేలుతాయి. ఈ) ఇనుము సాంద్రత తగ్గింది. 'బరువైనవి మునుగుతాయి' అని నమ్మే పిల్లలు ముందుగా 'అ' వైపు వెళ్తారు. అప్పుడు మీరు ఏమీ చెప్పకుండా ముద్దను, గిన్నెను తక్కెడలో పెట్టి చూపించండి. 'ఈ' ఎంచుకున్నవాళ్లతో చర్చ అన్నిటికన్నా ఫలవంతంగా ఉంటుంది, ఎందుకంటే పదార్థం సాంద్రతకు, బోలుగా ఉన్న వస్తువు సగటు సాంద్రతకు తేడా అక్కడే తెలుస్తుంది.

బడిలో ఇనుమును సాగగొట్టడం కుదరదు కాబట్టి వంటగదిలో వాడే అల్యూమినియం రేకును తీసుకోండి. నలిపి గట్టిగా ముద్ద చేస్తే లోపల గాలి మిగిలి తేలే ప్రమాదం ఉంది. సుత్తితో బాగా కొట్టి అణిచాక, తరగతికి తీసుకువెళ్లే ముందు ఇంట్లో ఒకసారి నీటిలో వేసి చూసుకోండి.

పరకాల ఫిజిక్స్ టీచర్

రేకు ముద్ద ఈ సాయంత్రం చేసి చూశాను సార్. మొదటిసారి తేలింది, మీరు చెప్పినట్టే. సుత్తితో కొట్టిన తర్వాత మునిగింది. ఆ తేలిన ముద్దను కూడా తరగతికి తీసుకెళ్లి, రెండూ ఒకే రేకుతో చేసినవేనని చెప్పి పిల్లల ముందు పెట్టాలని అనుకుంటున్నాను. సోమవారం మూడో పీరియడ్‌లో పాఠం ఉంది. అట్టలు రాయడం అయిపోయింది. వారం ఆగి మళ్లీ తుమ్మ దుంగ, గుండుసూది ప్రశ్నే ఇచ్చి, జవాబులు ఎన్ని మారాయో ఇక్కడ రాస్తాను.